వేడినీళ్ళ తొట్టి – ఒక గుమాస్తా లెక్కలు

(డిసెంబర్ 17, పెన్షనర్ల దినోత్సవం సందర్భంగా మన సంఘ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ రోజు మన పండుగ. 1982 డిసెంబర్ 17న నకారా కేసులో సుప్రీంకోర్టు, పెన్షన్ అనేది ప్రభుత్వం దయదలచి ఇచ్చేది కాదని, చేసిన సేవకు దక్కే హక్కని తేల్చి చెప్పింది. ఆ తీర్పు గురించి నాకంటే బాగా చెప్పగలిగిన పెద్దలు వేదిక మీద ఉన్నారు. నాకు కార్యదర్శిగారు అప్పగించిన పని వేరు. "మీరు ఆరు నెలలు అమెరికాలో ఉండి వచ్చారు కదా, ఆ కబుర్లు నాలుగు చెప్పండి" అన్నారు. నయాగరా జలపాతం గురించి చెబుదామంటే మీలో సగం మంది చూసే వచ్చారు, మిగతా సగం మందికి పిల్లలు ఫొటోలు పంపే ఉంటారు. అందుకని నేనొక తొట్టి గురించి చెబుతాను. నవ్వకండి. ఆ తొట్టి దగ్గర నేను నేర్చుకున్న పాఠం ముప్ఫై అయిదేళ్ళ సర్వీసులో నేర్చుకోలేదు.

నా సంగతి మీకు తెలిసిందే. 1972లో గుమాస్తాగా చేరి, 2007లో రిటైరయ్యే దాకా గోదావరి కాలువల లెక్కలు చూసే ఆఫీసులోనే కుర్చీ అరగదీశాను. క్యూసెక్కులు, టీఎంసీలు రాసిన చేతితో డెబ్భై నాలుగో ఏట నాలుగు వందల గ్యాలన్ల నీటికి రిజిస్టరు రాయవలసి వచ్చింది.

మా అబ్బాయి న్యూజెర్సీ రాష్ట్రంలో ఉద్యోగం చేస్తున్నాడు. 2023 వేసవిలో అక్కడ పాత ఇల్లొకటి కొన్నాడు. ఆ ఇంటి వెనుక పెరట్లో పాత యజమాని వదిలేసి వెళ్ళిన హాట్ టబ్ ఉంది. "ఇంటితో పాటు ఫ్రీగా వచ్చింది నాన్నగారూ. అమ్మ మోకాళ్ళకు బాగా పనిచేస్తుంది. చలికాలం ఇక్కడే ఉందురు గాని, రండి" అన్నాడు. అక్టోబరు మొదటి వారంలో వెళ్ళాం. మార్చి ఆఖరుకు తిరిగొచ్చాం.

హాట్ టబ్ అంటే ఏమిటో చూడనివారి కోసం చెబుతాను. ఏడడుగుల పొడవు, ఏడడుగుల వెడల్పు, మూడడుగుల ఎత్తు ఉన్న ఫైబర్ తొట్టి. లోపల ఆరుగురు కూర్చోవడానికి ఆసనాల్లాంటి మెట్లు. గోడలకు చిన్న చిన్న రంధ్రాలు. మీట నొక్కితే ఒక పంపు నీళ్ళను ఆ రంధ్రాల్లోంచి జోరుగా తోస్తుంది. నడుముకు, వీపుకు, కాళ్ళకు ఎవరో గట్టిగా పిసుకుతున్నట్టు ఉంటుంది. అడుగున ఒక హీటరు, పక్కన ఒక ఫిల్టరు, పైన పరుపంత మందాన ఒక మూత. అందులో పట్టే నీళ్ళు 1,500 లీటర్ల పైమాట. వేడి 104 డిగ్రీల ఫారెన్‌హీటు దాటకూడదని అక్కడ నియమం. అంటే మన లెక్కలో 40 డిగ్రీలు.

దీని పుట్టుక కూడా చెప్పాలి. ఇటలీ నుంచి కాలిఫోర్నియాకు వలస వెళ్ళిన జకూజీ అన్నదమ్ములు మొదట విమానాల ప్రొపెల్లర్లు చేసేవారు. తరువాత బావుల్లోంచి నీరు తోడే పంపులు చేశారు. అంటే మన ఇరిగేషన్ వాళ్ళకు దూరపు చుట్టాలన్నమాట! వారిలో కాండిడో అనే ఆయన కొడుక్కి పసితనంలోనే కీళ్ళవాతం వచ్చింది. ఆస్పత్రిలో వేడినీళ్ళ చికిత్సతో ఉపశమనం కలిగింది. అదే చికిత్స ఇంట్లో జరగాలని, 1940ల చివర్లో స్నానపు తొట్టిలో పెట్టే చిన్న పంపు తయారు చేశారు. తరువాత దాన్ని అమ్మకానికి పెట్టారు. పంపును తొట్టిలోనే అమర్చడం 1968లో మొదలైంది. ఒక తండ్రి బిడ్డ నొప్పి చూడలేక మొదలుపెట్టిన వస్తువు అది. మా అబ్బాయి తల్లి నొప్పి చూడలేక దాన్ని తిరిగి వెలిగించాడు. కాబట్టి ఆ వస్తువును నేను ఎగతాళి చేయను. ఖర్చు మాత్రం చెబుతాను.

మొదటి రోజు మా ఆవిడ అడిగిన ప్రశ్న ఇది: "ఈ నీళ్ళు రోజూ మారుస్తారా?" మార్చరు. అసలు కీలకం అక్కడే ఉంది. ఒకసారి నింపిన నీళ్ళే రెండు మూడు నెలలు ఉంటాయి. "ఒకరు దిగిన నీళ్ళలో ఇంకొకరా! రామ రామ!" అని ఆవిడ నాలుగు రోజులు ఆ దరిదాపులకు రాలేదు. ఆవిడ అన్నది మడి మాటే అయినా, సైన్సు కూడా అదే చెబుతుంది. గోరువెచ్చని నీళ్ళు, చెమట, ఒంటి జిడ్డు ఒకచోట చేరితే క్రిములకు పెళ్ళి భోజనమే. అందుకే ఆ నీళ్ళలో ఎప్పుడూ క్లోరిన్ ఉండాలి. పది లక్షల పాళ్ళ నీటికి కనీసం మూడు పాళ్ళు ఉండాలని అమెరికా ఆరోగ్య శాఖవారి సూచన. పీహెచ్ అనే ఆమ్ల క్షార కొలత 7 నుంచి 7.8 మధ్య ఉండాలి. అది ఎక్కువైతే క్లోరిన్ పని చేయదు. తక్కువైతే నీళ్ళు పులిసి హీటరు తీగను తినేస్తాయి. వేడికి క్లోరిన్ త్వరగా పోతుంది కనుక ఇది వారానికోసారి చూసే పని కాదు, రోజూ చూడాలి.

చూసే పద్ధతి తేలికే. సన్నటి కాగితపు పట్టీలు సీసాలో వస్తాయి. ఒకటి తీసి నీటిలో ముంచి, దాని మీది రంగులను సీసా మీది రంగులతో పోల్చుకోవాలి. హైస్కూల్లో లిట్మస్ కాగితం గుర్తుందా? అదే. ఇది కాక ఫిల్టరును వారానికోసారి గొట్టంతో కడగాలి, నెలకోసారి మందు నీళ్ళలో నానబెట్టాలి. నీరు మారుస్తున్నప్పుడు తొట్టి తుడవాలి. పారబోసే నీటిలో క్లోరిన్ పోయేదాకా ఆగాలి, లేకపోతే గడ్డి చచ్చిపోతుంది.

ఈ పనులన్నీ ఎవరు చేస్తున్నారో నాకు మొదటి వారంలోనే తెలిసింది. తొట్టి మీద సరదా మా అబ్బాయిది. చాకిరీ మా కోడలిది. ఆ పిల్ల సాయంత్రం ఆరింటికి ఆఫీసు నుంచి వచ్చి, పిల్లలకు తినడానికి పెట్టి, చెప్పులేసుకుని పెరట్లోకి వెళ్ళి పట్టీ ముంచేది. "అమ్మాయ్, ఆ పని నాకిచ్చెయ్. లెక్క రాయడం తప్ప నాకింకేం వచ్చు?" అన్నాను. "మీకెందుకు మామయ్యగారూ శ్రమ" అంటూనే ఆ సీసా నా చేతికిచ్చింది. ఆ ఇవ్వడంలోనే తెలిసింది, ఎంత బరువు దిగిందో.

నేనొక నోటు పుస్తకం కొని గళ్ళు గీశాను. తేదీ, క్లోరిన్, పీహెచ్, వేడి, దిగినవారి సంఖ్య, వేసిన మందు, రిమార్కులు. చివర చిన్న సంతకం. మా మనవడు పదేళ్ళవాడు. అది చూసి "తాతయ్యా, ఇది స్కూలు అటెండెన్సులా ఉంది" అన్నాడు. అక్టోబరు నెలంతా ఒక్క పూట తప్పకుండా రాశాను.

ఇప్పుడు నేను చెప్పబోయేది ఇంతవరకూ మా ఇంట్లోవాళ్ళకు తప్ప ఎవరికీ చెప్పలేదు.

2023 నవంబరు 12, ఆదివారం, దీపావళి. తెల్లవారుజామునే మా ఆవిడ పిల్లలందరికీ నువ్వుల నూనె పెట్టి తలంటు పోసింది. తరువాత ఇండియాకు ఫోన్లు, పిండివంటలు, సాయంత్రానికి వచ్చే స్నేహితుల కోసం ఏర్పాట్లు. తొమ్మిదింటికి రిజిస్టరు గుర్తొచ్చింది. బయట చలి. నేను భోజనాల బల్ల దగ్గర కూర్చుని ఉన్నాను. పదకొండో తారీఖున క్లోరిన్ 3, పీహెచ్ 7.4. ఒక్క రోజులో ఏం మారుతుందిలే అనుకున్నాను. పన్నెండో తారీఖు గడిలో 3 అని, 7.4 అని వేసి సంతకం పెట్టాను. కుర్చీలోంచి లేవలేదు.

సాయంత్రం ఆరుగురు పిల్లలు ఆ తొట్టిలో దిగి గంటకు పైగా ఆడారు. మర్నాడు ఉదయం పట్టీ ముంచితే రంగే రాలేదు. క్లోరిన్ సున్నా. నీటి మీద నూనె తెట్టు. గాభరాగా మందు వేశాను గానీ ఎవరికీ చెప్పలేదు. పద్నాలుగో తారీఖు సాయంత్రం మా మనవడికి నడుము చుట్టూ, చెడ్డీ ఉండే చోట ఎర్రటి పొక్కులు లేచాయి. రాత్రంతా దురద. వచ్చిన పిల్లల్లో ఇంకో ఇద్దరికీ అదే పరిస్థితి అని ఫోన్లు వచ్చాయి. డాక్టరుగారు చూసి మొదట అడిగిన మాట, "హాట్ టబ్‌లో దిగాడా?" సూడోమోనాస్ అనే క్రిమి వల్ల వచ్చే పొక్కులట. క్లోరిన్ చాలని వేడినీళ్ళలో పెరుగుతుందట. చాలామందికి కొద్ది రోజుల్లో దానంతటదే తగ్గిపోతుందని చెప్పి పంపారు. అలాగే తగ్గింది కూడా.

కానీ ఆ రాత్రి మా కోడలు నా రిజిస్టరు తెచ్చి చూసింది. "పన్నెండున క్లోరిన్ మూడు ఉంది కదా మామయ్యగారూ, అంతా సరిగ్గానే ఉంది. మరి ఎలా వచ్చిందంటారు?" అని నన్నే అడిగింది. ఆ పిల్ల నా అంకెను నమ్మింది.

మిత్రులారా, ఆ క్షణంలో నాకు ఒక లస్కరు గుర్తొచ్చాడు. 1980లలో మా ఆఫీసు పరిధిలో ఒక లస్కరు కాలువ గేజి దగ్గరకు వెళ్ళకుండా ఇంట్లో కూర్చుని, నిన్నటి అంకెనే ఈ రోజూ వేశాడని రిపోర్టు వచ్చింది. సంజాయిషీ అడిగితే "నిన్నటి నీరే కదండీ బాబూ, గీత మారలేదండీ" అన్నాడు. ఆఫీసులో అందరం నవ్వుకున్నాం. మెమో డ్రాఫ్టు రాసింది నేనే. మంచి ఇంగ్లీషులో, ఘాటుగా రాశానని సూపరింటెండెంటుగారు మెచ్చుకున్నారు. అతనికి ఒక ఇంక్రిమెంటు ఆగింది. ముగ్గురు పిల్లలవాడు. నలభై ఏళ్ళ తరువాత, ఏడు సముద్రాల అవతల, ఏ మెమో వస్తుందన్న భయం లేనిచోట నేను చేసింది అచ్చంగా అదే పని. అతనికి కనీసం మైళ్ళ దూరం నడక ఉంది. నాకు ఇరవై అడుగులు.

"చూడకుండా వేశానమ్మా" అన్నాను. గదిలో అందరూ ఉన్నారు. ఎవరూ ఏమీ అనలేదు. కాసేపటికి మా అబ్బాయి, "ఉదయం చూసినా ఆరుగురు దిగితే సాయంత్రానికి ఎటూ అయిపోయేది నాన్నగారూ, మధ్యలో ఇంకోసారి చూడాల్సింది మేము" అన్నాడు. అది నిజమే కావచ్చు. గుంపుగా దిగినప్పుడు ముందూ వెనుకా కూడా చూడాలి. కానీ పుస్తకంలో ఉన్న అంకె అబద్ధం అన్నది కూడా నిజమే. మర్నాడు ఉదయం నేను సిగ్గుతో పెరట్లోకి వెళ్ళలేదు. మా కోడలే వచ్చి ఆ సీసా మళ్ళీ నా చేతికిచ్చి, ఏమీ మాట్లాడకుండా ఆఫీసుకు వెళ్ళిపోయింది. ఆ రోజు నీరంతా పారబోసి, తొట్టి తోమి, కొత్త నీళ్ళు పట్టాం. అప్పటి నుంచి ఒళ్ళు కడుక్కోకుండా, తలకు నూనెతో ఎవరూ దిగకూడదని గోడకు కాగితం అంటించాను. బట్టల్లో మిగిలిన సబ్బు వల్ల కూడా నురగ వస్తుందని అప్పుడే తెలిసింది.

ఇక ఖర్చు. ఫ్రీగా వచ్చిన తొట్టి ఆరు నెలల పద్దు ఇదీ. తొట్టి వెలిగించక ముందు నెల బిల్లుతో పోల్చి కరెంటు లెక్క కట్టాను. ఆ ఇంట్లో గదులు వెచ్చబెట్టేది గ్యాసుతో కనుక ఆ తేడా దాదాపు తొట్టిదే.

కరెంటు 1,830 యూనిట్లు, యూనిట్‌కు 18 సెంట్ల చొప్పున 330 డాలర్లు. మందులు, పట్టీలు 150. ఫిల్టర్లు రెండు 90. పాత మూత నీరు పీల్చుకుని ఇద్దరు ఎత్తితే గానీ లేవనంత బరువైతే కొత్త మూత 480. జనవరిలో హీటరు పోతే సామానుకు, మెకానిక్కుకు కలిపి 420. మూడుసార్లు పట్టిన నీళ్ళకు 12. మొత్తం 1,482 డాలర్లు.

హీటరు ఎందుకు పోయిందో మెకానిక్కు విప్పి చూపించాడు. తీగ మీది లోహం తినేసి ఉంది. పాత యజమాని కాలంలో నీళ్ళు చాలాకాలం పులిసి ఉన్నాయని అతని అంచనా. ఎవరో ఎప్పుడో చూడకుండా వదిలేసిన పీహెచ్‌కు మావాడు 420 డాలర్లు చెల్లించాడు.

ఇప్పుడు వాడకం గడి చూడండి. మనిషి దిగిన రోజులు అక్టోబరులో 19, నవంబరులో 14, డిసెంబరులో 11, జనవరిలో 5, ఫిబ్రవరిలో 3, మార్చిలో 5. మొత్తం 57. అంటే దిగిన ఒక్కో రోజుకు 26 డాలర్లు. అప్పటి మారకం ప్రకారం రెండు వేల నూట యాభై రూపాయల పైన. ఫిబ్రవరిలో మూడంటే మూడు రోజులు దిగారు. ఆ నెల తొట్టి తాగిన కరెంటు 350 యూనిట్లు.

"దిగనప్పుడు ఆపేయవచ్చు కదా" అని మీరు అడుగుతారు. నేనూ అడిగాను. అక్కడ చలికాలంలో ఉష్ణోగ్రత సున్నాకు దిగువన ఉంటుంది. ఆపేస్తే గొట్టాల్లో నీరు గడ్డకట్టి, ఉబ్బి, గొట్టాలు పగులుతాయి. హీటరు పోయిన మూడు రోజులూ పంపునైనా తిప్పుతూ ఉండమని మెకానిక్కు ఫోనులో చెబితే, మావాడు రాత్రి రెండింటికి లేచి లేచి చూసుకున్నాడు. కాబట్టి రోజూ వెచ్చబెట్టాలి, లేదా మొత్తం నీరు తీసేసి గొట్టాల్లో గాలి ఊది ఆరబెట్టి మూసేయాలి. మధ్యే మార్గం లేదు. గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదని మనవాళ్ళు ఊరికే అనలేదు.

కొత్తది కొనేవాళ్ళకు దీనికి ముందే ఇంకో ఖర్చుంది. ఓ మోస్తరు తొట్టి ఎనిమిది వేల నుంచి పదిహేను వేల డాలర్ల దాకా ఉంటుంది. కింద సిమెంటు దిమ్మె, 240 వోల్టుల ప్రత్యేక లైను, షాకు కొట్టకుండా ఆపే బ్రేకరు, లైసెన్సున్న ఎలక్ట్రీషియను కూలి వీటికి అదనం.

మరి సుఖం లేదా అంటే, ఉంది. దాచడం దేనికి? మా ఆవిడ అయిదో రోజున పిల్లలు బతిమాలితే దిగింది. చుట్టూ చలి, మెడ వరకూ వెచ్చదనం. వేడినీటిలో ఒంటి బరువు తేలికై, కీళ్ళు సడలి నొప్పి కొంత తగ్గుతుంది. ఆ రాత్రి మేడ మెట్లు కటకటా పట్టుకోకుండా ఎక్కింది. కానీ మర్నాటికి నొప్పి మళ్ళీ మామూలే. సుఖం ఆ పూటదే గాని, జబ్బుకు మందు కాదు.

మన వయసువాళ్ళు పిల్లల దగ్గరకు వెళ్ళినప్పుడు ఇలాంటి తొట్టిలో దిగవలసి వస్తే కొన్ని సంగతులు గుర్తుంచుకోండి. వేడికి రక్తనాళాలు వ్యాకోచించి బి.పి. పడిపోతుంది. బి.పి. మాత్రలు వేసుకునేవారికి మరీను. నేను ఒకసారి ఇరవై అయిదు నిమిషాలు కూర్చుని హఠాత్తుగా లేచేసరికి కళ్ళు తిరిగి గట్టు పట్టుకున్నాను. మా అబ్బాయి పక్కనే ఉండబట్టి సరిపోయింది. అందుకని ఒంటరిగా దిగకండి. పది పదిహేను నిమిషాలు చాలు. వేడి 100 డిగ్రీల ఫారెన్‌హీటు దాటనివ్వకండి. గుండె జబ్బు ఉన్నవారు డాక్టరును అడిగే దిగాలి. షుగరు వల్ల అరికాళ్ళ స్పర్శ తగ్గినవారికి వేడి తెలియదు. గర్భిణులు, అయిదేళ్ళలోపు పిల్లలు దిగకపోవడమే మంచిది. మద్యం పుచ్చుకుని ఎవరూ దిగకూడదు.

ఇంకొకటి ఉంది, అది మన గడ్డ మీద కూడా పనికొచ్చేది. 1976లో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో మాజీ సైనికుల మహాసభకు వచ్చినవారు న్యుమోనియాతో పడిపోయారు. ఆ క్రిమికి లీజియొనెల్లా అని పేరు పెట్టారు. 1999లో నెదర్లాండ్స్‌లో ఒక పూల ప్రదర్శనలో, అమ్మకానికి చూపించడానికి పెట్టిన హాట్ టబ్ నుంచి లేచిన తుంపరల వల్ల అదే జబ్బు వ్యాపించి 32 మంది చనిపోయారు. వాళ్ళలో చాలామంది ఆ తొట్టిలో దిగనే లేదు, పక్కనుంచి నడిచారంతే. యాభై దాటినవారికి ఈ క్రిమి ప్రమాదం ఎక్కువ. ఇది గోరువెచ్చని నిలవ నీటిలో పెరుగుతుంది. మన గీజర్లలో, సోలార్ ట్యాంకుల్లో కూడా నీరు గోరువెచ్చగా రోజుల తరబడి నిలవ ఉండకూడదు. గీజరు 60 డిగ్రీల దగ్గర పెట్టుకుని, బక్కెట్లో చన్నీళ్ళు కలుపుకుని స్నానం చేయండి. వేడినీళ్ళు నేరుగా ఒంటి మీద పోసుకోకండి. ఊరికి వెళ్ళి వచ్చాక మొదటి నీళ్ళు కాసేపు వదిలేయండి.

మేము బయల్దేరే ముందు మా అబ్బాయి, "ధవళేశ్వరంలో మన డాబా మీద ఇలాంటిదే ఒకటి పెట్టిస్తాను నాన్నగారూ, డబ్బు సంగతి మీకెందుకు" అన్నాడు. తల్లి మీద ప్రేమతో అన్న మాట. వెంటనే కాదనలేదు. అలవాటు ప్రకారం ఒక ఆఫీసు నోటు రాశాను.

మొదటి అంశం బరువు. నీళ్ళు ఒకటిన్నర టన్ను, తొట్టి, నలుగురు మనుషులతో కలిపి రెండు టన్నుల పైన. మన సంఘంలోనే ఉన్న రిటైర్డ్ ఇంజనీరుగారిని ఫోనులో అడిగితే, మామూలు డాబా కప్పుకు చదరపు మీటరుకు 150 కిలోల అదనపు బరువు లెక్క కడతారని, ఇది దానికి మూడు రెట్లని చెప్పారు. మాది 1988లో కట్టిన స్లాబు. రెండవ అంశం వాతావరణం. మే నెలలో మన ట్యాంకు కుళాయి తిప్పితే వచ్చేదే హాట్ టబ్ నీళ్ళు! మూడవది కరెంటు. 1,500 లీటర్లను 15 డిగ్రీల నుంచి 39 డిగ్రీలకు తేవడానికే 42 యూనిట్లు కావాలి. మన స్నానానికి ఒక బక్కెట్టు కాగడానికి అర యూనిట్టు కూడా పట్టదు. ఒక్క నింపుడుతో నూరు బక్కెట్లు కాచుకోవచ్చు. నాలుగవ అంశం దగ్గర నా కలం ఆగింది. "రోజూ పట్టీ ముంచి చూసేది ఎవరు?" దాని ఎదురుగా నా పేరు రాయబోయి, నవంబరు 12 గుర్తొచ్చి రాయలేకపోయాను. ఈ రోజు ఇరవై అడుగులు నడవని వాణ్ణి, ఎనభయ్యో ఏట డాబా మెట్లెక్కి చూస్తానా?

అందుకని "ప్రతిపాదన ఆమోదించబడలేదు" అని రాసి సంతకం పెట్టి, మా అబ్బాయికి చదివి వినిపించాను. వాడు నవ్వాడు గాని కొంచెం చిన్నబుచ్చుకున్నాడు. పిల్లలు ఏదో చేయాలనుకుంటారు. వద్దంటే వాళ్ళ ప్రేమను వద్దన్నట్టు అనుకుంటారు. కాబట్టి వద్దు అనే మాటతో ఆపకూడదు, ఏం కావాలో చెప్పాలి. మనం అది చెప్పడానికి మొహమాటపడతాం, వాళ్ళు తోచింది కొని పంపిస్తారు. నేను ఆ కాగితం వెనుకవైపే మాకు కావలసినవి రాసిచ్చాను. స్నానాల గదిలో గోడకు రెండు స్టీలు పట్టుకొమ్ములు, జారని నేల, కూర్చుని పోసుకోవడానికి గట్టి స్టూలు, గీజరుకు సర్వీసు, ఇంటికి ఎర్తింగు సరిచూసి ఆర్‌సీసీబీ బిగించడం. అన్నిటికీ కలిపి పద్నాలుగు వేల రూపాయలు అయింది. వాడే పంపాడు. గీజరు విప్పితే మన బోరు నీళ్ళ సున్నం గుప్పెడు రాలింది. లోపలి మెగ్నీషియం కడ్డీ అరిగి పుల్లంత అయింది. మీ ఇళ్ళలో కూడా ఏడాదికోసారి విప్పించి చూడండి. ఆ కడ్డీ అరిగిపోతే తరువాత అరిగేది ట్యాంకే.

మా ఆవిడ ఇప్పుడు స్టూలు మీద కూర్చుని రెండు బక్కెట్ల వేడినీళ్ళు పోసుకుని, డాక్టరు చెప్పిన మోకాలి వ్యాయామం చేస్తుంది. న్యూజెర్సీ తొట్టి అంత సుఖం కాదు. కానీ రోజూ జరుగుతోంది. ఆ తొట్టి సుఖం ఆరు నెలల్లో 57 రోజులే.

అక్కడి తొట్టి ఏమైందని అడుగుతారేమో. నా పద్దు చూశాక వాళ్ళు ఒక నిర్ణయానికి వచ్చారు. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా నీరు తీసేసి, ఆరబెట్టి మూసేస్తారు. మిగతా నెలల్లోనే వాడతారు. పట్టీ ముంచే పని ఇప్పుడు మా కోడలిది కాదు, మా అబ్బాయిది, మనవడిది. నా నోటు పుస్తకంలో నవంబరు 12 గడిని నేను కొట్టివేయలేదు. పక్కన రిమార్కులలో "చూడలేదు" అని ఎర్ర సిరాతో రాసి వచ్చాను. ఆ కింది పేజీల్లో ఇప్పుడు మనవడి అంకెలు ఉన్నాయి. గత నెల ఆఖరున తొట్టి మూసేముందు వాడు ఫోను చేసి, "తాతయ్యా, ఇవాళ వాన పడుతోంది, అయినా వెళ్ళి చూసే రాశాను" అన్నాడు.

ఆ లస్కరు ఇప్పుడు ఎక్కడున్నాడో, ఉన్నాడో లేడో నాకు తెలియదు. ఆయన ఇంక్రిమెంటు నేను తిరిగి ఇప్పించలేను. ఈ సభలో ఆయనకు క్షమాపణ చెప్పుకుంటున్నాను.